నాగలింగం అండ్ సన్ వారి తొలి సంతానం

నేను ఒక ఏసీని. అలా అనగానే గోడ మీద ఎక్కడో తెల్లగా, సన్నగా, మాటాపలుకూ లేకుండా కూర్చునే ఈ కాలపు పిల్లల్ని ఊహించుకోకండి. నేను కిటికీ ఏసీని. నన్ను ఇంట్లో పెట్టుకోవాలంటే ఇద్దరు మనుషులు మొయ్యాలి, గోడకి కన్నం కొట్టాలి, కింద ఇనప స్టాండు బిగించాలి. నేను పని మొదలుపెట్టానంటే గదిలోవాళ్ళకే కాదు, వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న పుల్లయ్యకి కూడా తెలిసేది. పెద్దమనుషులు ఇంట్లోకి వచ్చేముందు గుమ్మం దగ్గర దగ్గుతారు చూడండి, నాదీ ఆ పద్ధతే. కాకపోతే వాళ్ళు ఒకసారి దగ్గి ఊరుకుంటారు.

నేను పుట్టింది బెజవాడ ఆటోనగర్‌లో, నాగలింగం అండ్ సన్ వారి షెడ్డులో. షెడ్డు ముందు పెద్ద బోర్డు. ఒక పక్క పొగలు కక్కే బాయిలరు, ఇంకో పక్క మంచుకొండ, మధ్యలో ‘వేడికీ చలికీ మమ్మల్నే అడగండి’ అన్న రాత. కొండ మీద మంచు వేస్తూ ఉండగా పెయింటరుకి తెల్లరంగు అయిపోయింది. మిగతాది రేపు వేస్తానని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. అందుకని ఆ కొండ సగం పెంకు ఒలిచిన కోడిగుడ్డులా ఉండేది.

నాగలింగం అంటే లక్కోజు నాగలింగాచారి. నేను కళ్ళు తెరిచేసరికే ఆయన గోడ మీద పటమైపోయాడు. స్నానాల నీళ్ళు కాచుకునే రాగి బాయిలర్లు చెయ్యడంలో ఆయన చేతికి తిరుగులేదట. ఆయన పెట్టిన నియమాలు రెండు. మనింట్లో వాడి చూడందే ఏ వస్తువునీ ఊళ్ళోకి పంపకూడదన్నది మొదటిది. చేసిన వస్తువుని వేలితో కొడితే ఖంగున మోగాలన్నది రెండోది. మోగిందంటే రేకు మందంగా ఉన్నట్టు, అతుకు గట్టిగా ఉన్నట్టు, లోపల మోసం లేనట్టు. మొదటి నియమం పుణ్యమా అని రోహిణీకార్తెలో కూడా ఆ ఇంటిల్లిపాదీ సలసల కాగిన నీళ్ళే పోసుకునేవాళ్ళు. కొత్తకోడలిగా వచ్చిన భ్రమరాంబగారు మొదటి వేసవిలోనే స్నానాలగదిలోంచి ఎర్రగా బయటికొచ్చి, పుట్టింటి బావినీళ్ళు తలుచుకుని ఏడ్చిందని నాకు తర్వాత తెలిసింది.

ఆవిడ భర్త మోహనాచారి. ‘అండ్ సన్’లోని సన్ ఆయనే. తండ్రి పోయేనాటికి ఇళ్ళలోకి కరెంటు గీజర్లు వచ్చేశాయి. కొత్త బాయిలరు కొనేవాళ్ళు తగ్గి, పాత బాయిలరు పాతసామాన్లకి వేసేవాళ్ళు ఎక్కువయ్యారు. బెజవాడలో వేడి అమ్ముకుని బతకాలనుకోవడం కృష్ణ ఒడ్డున కూర్చుని నీళ్ళు అమ్ముకోవడం లాంటిదని మోహనాచారికి కాస్త ఆలస్యంగా తట్టింది. ఇకమీదట చల్లదనం అమ్మాలనుకున్నాడు. “ఏసీలో ఉండేదీ రాగి గొట్టమేగా! రాగి గొట్టం వంచటం మనకి ఒకళ్ళు నేర్పాలా?” అన్నాడు. పులుసు పెట్టడం వచ్చు కనక పాయసం కూడా వచ్చేసినట్టే అన్న ధోరణి అది. మా వంశమంతా ఆ ధైర్యంలోంచి పుట్టిందే.

నాకు ముందు ఇద్దరు అన్నలు పుట్టారు. పెద్దవాడు మంచం మీద వర్షం కురిపించాడు. రెండోవాడు గదిని వేడెక్కించి చల్లటి గాలంతా వీధిలోకి వదిలాడు. బాయిలర్ల ఇంట్లో పుట్టాడు, వంశాచారం వదులుకోలేకపోయాడు పాపం. ఇస్త్రీ పుల్లయ్య మాత్రం బండి తెచ్చి వాడి వెనకే పెట్టుకుని, ఇంత మంచి యంత్రం తన జన్మలో చూడలేదన్నాడు.

తర్వాత నేను. గడప దాటని ఆ ఇద్దరూ ఏసీల లెక్కలోకి రారు కనక తొలి సంతానం నేనే. కంప్రెసరు మద్రాసు నుంచి వచ్చింది. మిగతాదంతా షెడ్డులోనే, మోహనాచారి, ఆయన ఫిట్టరు గఫూరు కలిసి సుత్తితో కొట్టి చేశారు. బాయిలరుకి వాడే మందపాటి రేకు వాడారు. ఎక్కడికక్కడ రివిట్లు. ఒక్క బోల్టు కూడా ఊపిరి తీసుకోకుండా బిగించారు. అంతా అయ్యాక మోహనాచారి వేలు మడిచి నా నెత్తిన ఒక్కటి కొట్టాడు.

ఖంగ్!

ఆయన కళ్ళు మెరిశాయి. “విన్నావా గఫూరూ? నాయన ఉంటే మురిసిపోయేవాడు.”

“గుడిగంటే ఆచారిగారూ, గుడిగంటే!” అన్నాడు గఫూరు.

నాకు గర్వంతో ఒళ్ళు పొంగింది. గుడిగంట పక్కన ఎవరైనా పడుకుంటారా అన్న ఆలోచన మా ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు.

నియమం ప్రకారం నన్ను ఇంట్లో పెట్టి చూడాలి. చూడవలసిన మనిషి భ్రమరాంబగారు. ఎందుకంటే ఆ ఇంట్లో తేలిగ్గా నిద్రపట్టనిది ఆవిడకే. గోడ మీద బల్లి నడిచినా లేచి కూర్చుంటుంది. ఆవిడ కన్నుమూసి ఓ కునుకు తీసిందంటే ఇక ఆ యంత్రం కింద ఊరంతా నిద్రపోతుందని మోహనాచారి లెక్క. భోజనాలయ్యాక, మధ్యాహ్నం పూట పరీక్ష.

ఆ రోజు అన్నం కలుపుతూ ఆయన అన్న మాట నేను గోడలోంచి విన్నాను. “భ్రమరా, ఇది కూడా కుదర్లేదంటే షెడ్డుకి తాళమేసేస్తానే. నాయన పేరు బోర్డు మీంచి దించేసి నేను ఎవరి దగ్గరన్నా ఫిట్టరుగా చేరిపోతా.” ఆవిడ పెరుగు ఇంకో గరిటె వడ్డించింది.

తర్వాత వచ్చి మంచం మీద నడుం వాల్చింది. గఫూరు స్విచ్చి వేశాడు. నేను నా శక్తికొద్దీ మొదలుపెట్టాను. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. గూట్లో స్టీలు గ్లాసు ఒకటి మెల్లగా జరుగుతూ అంచుదాకా వచ్చింది. తలుపు ఓరగా వేసి, షెడ్డు మనుషులందరూ వసారాలో ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. గాలి మాత్రం చల్లగా వదిలాను, ఆ విషయంలో నన్నెవరూ వేలెత్తి చూపలేరు.

భ్రమరాంబగారు కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచి నావైపు చూసింది. “అబ్బబ్బ, కాసేపు నోరు మూసుకోవే తల్లీ” అంది, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా. తలుపు సందులోంచి మొగుడి మొహం కనపడింది. ఎస్సెస్సెల్సీ ఫలితాలకోసం పేపరు వెతుకుతున్నవాడి మొహంలా ఉంది. ఆవిడ ఒక నిట్టూర్పు విడిచి, కన్ను మూసి, గురక పెట్టింది. చాలా బాగా పెట్టింది. నా మోతని దాటి బయటికి వినిపించాలి కదా మరి!

వసారాలో గఫూరు మోహనాచారిని ఎత్తుకుని గిర్రున తిప్పాడు. ఆ ఇంటి ఆనందంలో నిజం తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఆవిడ చెప్పదు, నేను చెప్పలేను.

అచ్చు నాలాంటి తమ్ముళ్ళని వరసగా చేసి ఊరి మీదికి వదిలారు. ‘మా ఇంటావిడ నిద్రపోయాకే మీ ఇంటికి పంపుతాం’ అని రిక్షాల వెనక రాయించాడు మోహనాచారి. ఆడవాళ్ళకి ఆ మాట తెగ నచ్చింది. ముందు కొన్నారు, తర్వాత విన్నారు.

కాలవగట్టు మీద లాడ్జీ నడిపే బసవరాజు రొప్పుకుంటూ వచ్చాడు. “ఆచారిగారూ, ఏసీ గది కావాలని దిగినోళ్ళు అద్దగంటకల్లా ఫ్యాను గది అడుగుతున్నారండీ. పక్క గదోళ్ళయితే ఏకంగా లాడ్జీయే మార్చేస్తన్నారు.”

మోహనాచారి నొచ్చుకున్నాడు. “మా ఇంట్లోదీ అదే మిషనండీ. మా ఆవిడ రోజూ హాయిగా పడుకుంటంది. మీవాళ్ళు ఏ దిక్కుకి తలపెట్టి పడుకుంటన్నారో కనుక్కున్నారా?” అని గఫూరుని లాడ్జీకి పంపించాడు. గఫూరు మంచాలన్నీ దక్షిణానికి తిప్పి వచ్చాడు. తప్పు యంత్రంలో ఉండే అవకాశమే లేదు కదా, కనక మనుషుల్లోనే ఉండాలి. యజమానులందరూ మమ్మల్ని ఇంతలా నమ్మితే మా యంత్రజాతి ఎప్పుడో రాజ్యాలేలేది.

భ్రమరాంబగారి సంగతి మరీ దారుణం. మధ్యాహ్నం భోజనం కాగానే మొగుడు స్వయంగా వచ్చి స్విచ్చి వేసి, “కాసేపు పడుకో భ్రమరా” అని ముద్దుగా అనేవాడు. ఆవిడ పడుకుని గురక పెట్టేది. ఆయన తృప్తిగా షెడ్డుకి వెళ్ళగానే లేచి నా నోరు నొక్కి, వంటింటి గచ్చు మీద కొంగు పరుచుకుని దొర్లేది. అక్కడా నిద్ర పట్టేది కాదు, ఉక్క.

చివరికి ఆవిడకి ఉపాయం తట్టింది, నన్ను దానం చెయ్యడం. ముందు బందరులో ఉన్న సొంత అక్క రాజ్యలక్ష్మిగారికి పంపింది. వారం తిరక్కుండా ఆవిడ నన్ను లారీ ఎక్కించి తనూ వెనకే వచ్చింది. “దీని కింద నువ్వెట్టా పడుకుంటన్నావే? నీ గుండె ధైర్యానికి దణ్ణం పెట్టాల” అంది. తర్వాత ఒక ప్లీడరుగారి దగ్గర ఉన్నాను. గదిలో క్లయింటు చెప్పేది వసారాలోవాళ్ళకి వినపడకుండా ఉంటుందని ఆయన నన్ను ఇష్టపడ్డాడు. తనకీ వినపడటం లేదని కేసు ఓడిపోయాక తెలుసుకున్నాడు. ఆ తర్వాత ఒక టైపు ఇన్‌స్టిట్యూటు. అహా, అవి నా మంచి రోజులు! అన్ని మిషన్ల టకటకల మధ్య నా గొంతు ఎవరికీ ఎక్కువనిపించలేదు. అక్కడే కలకాలం ఉండిపోదామనుకున్నాను. ఈలోగా కంప్యూటర్లు వచ్చి ఆ ఇన్‌స్టిట్యూటు మూసేశారు. నేను మళ్ళీ పుట్టింటికి చేరాను.

ఈ దానాలవల్ల భ్రమరాంబగారికి ఒరిగింది మాత్రం ఏమీ లేదు. నేను గడప దాటిన మర్నాడే మోహనాచారి ఒక కొత్త తమ్ముణ్ణి తెచ్చి అదే కన్నంలో కూర్చోబెట్టేవాడు. నేను తిరిగొచ్చాక వాణ్ణి దింపి, పెద్దదాన్నని నన్నే మళ్ళీ ఎక్కించాడు. మా వాళ్ళు ఒక్కొక్కరే ఊళ్ళోంచి వెనక్కి వచ్చి షెడ్డులో గోడవారగా పేరుకుంటున్నారు. పనివాళ్ళు ఒకరొకరుగా వేరే చోట్లకి వెళ్ళిపోయారు. మిగిలింది గఫూరు ఒక్కడే.

అలాంటి వేసవిలో ఒకరోజు డాక్టర్ ఆశీర్వాదంగారు మా ఇంటికి వచ్చారు. కొత్తగా కళ్ళాసుపత్రి కట్టిస్తున్నారు. వార్డులన్నిటికీ ఏసీలు కావాలి. ఆ పూట కరెంటు లేదు కనక నేను ముంగిలా ఊరుకున్నాను. ఆయన నావైపు మెచ్చుకోలుగా చూశారు. ఆ అవకాశం నాకు కరెంటు లేనప్పుడే దొరికేది.

“మా అమ్మ చివరిదాకా మీ నాన్నగారి బాయిలరే వాడింది మోహనాచారిగారూ. మీ ఇంట్లో వాడి చూడందే బయటికివ్వరని చెప్పేది. అందుకే వేరే చోటికి పోకుండా మీ దగ్గరికొచ్చాను. ఆపరేషను అయినోళ్ళు తల కదపకుండా పడుకోవాల. నిద్ర పడితేనే కదలకుండా ఉంటారు. ఇంతకీ అమ్మగారు దీని కింద పడుకుంటారంటగా?”

“రోజూ పడుకుంటదండీ!” అన్నాడు మోహనాచారి ఛాతీ విరుచుకుని.

భ్రమరాంబగారు మజ్జిగ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. డాక్టరుగారు మజ్జిగ తాగి, మళ్ళీ కలుద్దామని చెప్పి లేచారు. ఆయన కారు దగ్గరికి నడుస్తూ ఉండగా ఇంట్లో ఆవిడ మొగుడి చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఏవండీ, నేను దాని కింద ఎప్పుడూ పడుకోలేదండీ.”

“అదేంటే?”

“ఒక్కరోజు కూడా పడుకోలేదు. ఆ మొదటి రోజు మీ మొహం చూసి అట్టా చేశా. తర్వాత చెప్పటానికి నోరు రాలేదు. లాడ్జీలో ఎవరో దొర్లితే దొర్లారు గానీ, కళ్ళు కోయించుకున్నోళ్ళండీ! నా అబద్ధం వాళ్ళ నెత్తిన పెట్టకండి.”

మోహనాచారి మంచం పట్టె మీద కూలబడ్డాడు. కరెంటు లేని గదిలో ఆయన ఊపిరి కూడా వినిపిస్తోంది. ఆ ఆర్డరు వస్తే షెడ్డు నిలుస్తుంది, పోతే బోర్డు దిగుతుంది. తను నోరు మూసుకుంటే చాలు. తండ్రి పటం వైపు చూశాడు. నా వైపు చూశాడు. అంతే, లేచి పరుగెత్తాడు.

నా వెనక సగం వీధిలోకే ఉంటుంది కనక మిగతాదంతా చూశాను. ఆయన చెప్పులు మరిచిపోయాడు. మే నెల మిట్టమధ్యాహ్నం బెజవాడ సిమెంటు రోడ్డు మీద, పంచె ఎగగట్టి, ఒక కాలు దించి ఒక కాలు ఎత్తి, కారు వెనక గెంతుతూ పోతున్నాడు. పుల్లయ్య ఇస్త్రీ బండి మలుపులో అడ్డం ఉండబట్టి కారు ఆగింది. మోహనాచారి కిటికీలో తల దూర్చి, కాళ్ళు మార్చుకుంటూనే మొత్తం చెప్పేశాడు. వీధి వీధంతా విన్నది. నాకు మోగడం చేతకాని సమయంలో ఆయనే నా తరఫున మోగినట్టనిపించింది.

డాక్టరుగారు కారులోంచి తన చెప్పులు తీసి ఆయన కాళ్ళ ముందు పెట్టారు. “వార్డు తెరవటానికి ఇంకా టైముందిలెండి. అమ్మగారు నిజంగా నిద్రపోయే మిషను చెయ్యండి. ఆమె పడుకున్నదని మీరు చెప్తే నమ్ముతాను, ఇవాళ చెప్పారు గనక” అన్నారు.

మర్నాడు నన్ను గోడలోంచి దింపి అదే గదిలో నేల మీద పెట్టి, పొట్ట విప్పారు. మోహనాచారి, గఫూరు లోపల తలలు దూర్చి ఎంత చూసినా తప్పు కనపడలేదు. ఎక్కడా వదులు లేదు, ఎక్కడా లోపం లేదు.

“అసలు నీకు ఎట్టా ఉంటది భ్రమరా, అది తిరుగుతుంటే?” అని అడిగాడు మోహనాచారి. ఇన్నేళ్ళలో ఆవిణ్ణి ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. పడుకున్నావా అని అడిగాడు గానీ ఎలా ఉందని అడగలేదు.

“గంటలో తలకాయ పెట్టినట్టుంటదండీ. మోగాల మోగాల అని చేస్తిరి. అది మోగతంది. దాని తప్పేముంది?”

మొగుడూ ఫిట్టరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాయిలరు ఒకచోట కదలకుండా కూర్చుంటుంది, దానికి బిగువు అందం. నా కడుపులో ఒక మోటారు తిరుగుతోంది. అంత మందపు రేకుని అంత గట్టిగా బిగించి లోపల మోటారు తిప్పితే అది గంట కాక మరేమవుతుంది? ఇంత చిన్న విషయం కంచరి ఇంట్లో తప్ప ఎక్కడైనా తడుతుంది.

అప్పుడు నా పక్కనే ఒక కొత్తదాన్ని కట్టడం మొదలుపెట్టారు. నా రివిట్లు పీకారు. లారీ ట్యూబులు కోసి కంప్రెసరు కింద మెత్తలు వేశారు. రేకుకీ రేకుకీ మధ్య కంబళి ముక్కలు కూరారు. ఫ్యాను పెద్దది చేసి నిదానంగా తిరిగేటట్టు పెట్టారు. నా రాగి గొట్టాలు, నా కంప్రెసరు తీసి ఆ కొత్తదానికే వేశారు. చివరికి మోహనాచారి వేలు మడిచి దాని నెత్తిన కొట్టాడు.

దబ్.

ఆయన మొహం పాలిపోయింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ దబ్. తన చేత్తో అంత నీచమైన చప్పుడు చేసే వస్తువు తయారవుతుందని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని తండ్రి పటం ముందు నిలబడ్డాడు. “నాయనా, నువ్వు చెప్పింది బాయిలర్లకి” అన్నాడు. నాగలింగాచారి ఏమీ అనలేదు. పటాల్లో ఉన్నవాళ్ళతో సుఖం అదే.

ఇక పరీక్ష. ఇక్కడే కొత్త చిక్కు వచ్చింది. ఈసారి అబద్ధమాడకూడదని భ్రమరాంబగారు ఒట్టు పెట్టుకుంది. నిజంగా నిద్రపోవాలి, నిజంగా నిద్రపోవాలి అనుకుంటూ పడుకునేది. ఇక నిద్ర ఎక్కడినుంచి వస్తుంది? కొత్త యంత్రం చీమ చిటుక్కుమన్నట్టు కూడా లేదు. ఆవిడ మాత్రం గుడ్లగూబలా కళ్ళు విప్పుకుని పడుకునేది. మోహనాచారి రోజూ తలుపు సందులోంచి చూసేవాడు, ఆవిడ రోజూ తల అడ్డంగా ఊపేది. “గసగసాల పాయసం చేసి పెట్టమంటారా?” అని గఫూరు సలహా ఇచ్చాడు. “మందు పెట్టి పడుకోబెడితే మిషనుకేం పేరొస్తదిరా!” అని మోహనాచారి కసిరాడు. నేల మీద ఖాళీ డొక్కుగా పడి ఉన్న నాకు లోలోపల సంతోషంగానే ఉంది, దాచడమెందుకు. నా వల్ల కానిది దానివల్లా కాలేదు.

వార్డు తెరిచే వారం వచ్చింది. డాక్టరుగారు ఫలానా రోజు వస్తానని కబురు పెట్టారు. ఆ రోజు కూడా భ్రమరాంబగారికి కునుకు పట్టలేదు. “నావల్ల కాదండీ, నన్నొదిలెయ్యండి” అని లేచి కూర్చుని, ఆయనకి ఏం చెప్పుకుంటారో చెప్పుకోండన్నట్టు గోరుచిక్కుళ్ళ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. స్విచ్చి ఆపడం ఎవరికీ గుర్తులేదు. మోహనాచారి వసారాలో తల పట్టుకుని కూర్చున్నాడు.

కాసేపటికి పళ్ళెం కొద్దిగా వంగింది. ఒక కాయ నేల మీద పడింది. తర్వాత ఇంకొకటి. తర్వాత గుప్పెడు.

గఫూరు లోపలికి తొంగిచూసి, ఆచారిగారి చొక్కా పట్టి లాగాడు. ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు.

“పడుకున్నారా, మళ్ళీ నటిస్తన్నారా?” అని గుసగుసలాడాడు గఫూరు.

“పిలిచి చూద్దామా?”

“పిలిస్తే లేస్తారు కదండీ.”

ఇద్దరూ ఆ సంకటంలో కొట్టుకుంటూ ఉండగా మోహనాచారి చూపు నేల మీద పడింది. చూస్తూ చూస్తూ ఆయన మొహం మారిపోయింది. “ఆవిడ ఎంత నటించినా కూరగాయలు నేలపాలు చెయ్యదురా” అన్నాడు. ఆ మాట అంటూనే గడప మీద కూర్చుని, పంచె కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చాడు.

అదే సమయానికి వచ్చిన డాక్టరుగారు గుమ్మం దాకా వచ్చి లోపలికి చూశారు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఒక్క మాట మాట్లాడకుండా, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి నడిచారు. మర్నాడు ఆసుపత్రి వ్యాను వచ్చింది.

నేను నేల మీదనుంచి ఆవిణ్ణే చూస్తూ ఉండిపోయాను. నోరు కాస్త తెరిచి, తల పక్కకి వాల్చి, గురకా లేదు, ఏమీ లేదు. అన్నేళ్ళు ఆ గదిలో ఉండి ఆవిడ నిద్రపోగా చూడటం నాకు అదే మొదటిసారి. అసూయ పడదామనుకున్నాను. పడలేకపోయాను. చాలా అలిసిపోయిన మనిషి.

ఇప్పుడు నాగలింగం అండ్ సన్ వారికి పెద్ద ఫ్యాక్టరీ ఉంది. ముందు హాల్లో అద్దాల పెట్టెలో నేను ఉన్నాను, లోపల ఏమీ లేకుండా. నా కింద ఇత్తడి పలక మీద ఇలా చెక్కి ఉంటుంది: ‘మా మొదటి ఏసీ. దీని కింద ఎవరికీ నిద్ర పట్టలేదు.’

ఈమధ్య కొత్తగా చేరిన సేల్స్ మేనేజరు ఆ పలక చూసి బెంబేలెత్తిపోయి మోహనాచారి దగ్గరికి పరుగెత్తాడు. “సార్, వచ్చినోళ్ళు చదివి నవ్వుకుంటన్నారండీ. కనీసం ఆ రెండో వాక్యమన్నా తీయిద్దాం సార్.”

మోహనాచారి అద్దాల పెట్టె దాకా వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, ఆ రెండు వాక్యాలూ మరోసారి చదివాడు.

“రెండోది తీసేస్తే మొదటిది కూడా తీసెయ్యాలబ్బాయ్” అన్నాడు.